బడి వెనుక వంటిల్లు



ప్రతి వారం ఈ శీర్షికలో ఆదివార పఠనాలను ధ్యానించుకోవడం మనకు అలవాటు. ఈ వారం నా బల్లమీద బైబులు గ్రంథం ప్రక్కన ఇంకొక పుస్తకం ఉన్నది. అట్ట చినిగిన నోటుపుస్తకం. మా విచారణ పాఠశాలలో 7వ తరగతి పిల్లలు వ్రాసినది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో "మన బడి వెనుక ఎవరెవరు ఉన్నారు" అని ఉన్నది. పురుగులను, పిట్టలను గురించి వ్రాస్తూ "ఏమేమి ఉన్నవి" అనాలి గాని "ఎవరెవరు" అనడం వ్యాకరణం ప్రకారం తప్పు. తెలుగు పంతులుగారు ఎర్ర సిరాతో దిద్దవలసినదే. ఆయన దిద్దలేదు. నేనూ దిద్దలేదు.

ఈ పుస్తకం నా బల్లమీదికి ఎందుకు వచ్చినదో చెప్పాలి. అందులో నా తప్పు ఉన్నది కనుక దాచకుండా చెబుతాను.

మా పాఠశాలకు స్వర్ణోత్సవం దగ్గర పడింది. బడి వెనుక గోడకు, సమాధుల తోటకు నడుమ అరెకరం స్థలం ఉన్నది. అందులో ఒక పాత బావి, బావిమీదికి వంగిన తుమ్మచెట్టు, రెండు వేపచెట్లు, సగం ఎండిన ఒక చింత, రేగు పొదలు, జిల్లేళ్లు, మోకాలెత్తు గడ్డి. బడిలో విరిగిన బల్లలన్నీ చేరేది అక్కడికే. వచ్చిన అతిథులందరూ "ఇంత మంచి బడికి వెనుక ఈ అడవి ఏమిటి ఫాదర్ గారూ" అనేవారు. విచారణ సంఘం కూర్చున్నది. స్థలం చదును చేయించి, సిమెంటు పోయించి, ఉత్సవం నాడు పందిరికి, ఆ తరువాత బండ్లు నిలుపుకోవడానికి వాడుకుందామని తీర్మానించాము. జేసీబీ అతనికి 2,000 రూపాయలు బయానా ఇచ్చినది నేనే. తీర్మానం క్రింద మొదటి సంతకం నాదే. సంతకం పెట్టే ముందు ఈ ఆరేళ్లలో ఆ స్థలంలోకి నేను ఎన్నిసార్లు వెళ్లి ఉంటాను? బహుశా మూడుసార్లు. అందులో రెండుసార్లు సమాధుల పండుగకు ముందు గడ్డి తగులబెట్టించడానికి.

జూలై నెలలో పిల్లలకు సైన్సు చెప్పే సిస్టర్ గారికి జీవుల ఆవాసాలను గురించిన పాఠం వచ్చింది. పుస్తకంలో ఎడారిలో ఒంటె, మంచులో ధ్రువపు ఎలుగుబంటి, సముద్రంలో తిమింగలం బొమ్మలు ఉన్నవి. మన పిల్లల్లో ఎంతమంది ధ్రువపు ఎలుగుబంటిని చూడబోతారు? ఆమె పుస్తకం మూసి పిల్లలను వెనుక ఆవరణలోకి తీసుకుపోయింది. కొబ్బరి తాడుతో నేలమీద గడులు కట్టి, ఒక్కొక్క గడిని నలుగురికి అప్పగించింది. ఏదీ చంపరాదు. ఏ గూటిలోను, కన్నంలోను చేయి పెట్టరాదు. పెద్దవారు ముందు కర్రతో తట్టి చూడకుండా గడ్డిలోకి పోరాదు. కాలికి చెప్పులు లేనివాడు గట్టుమీదనే కూర్చుని పక్షులను లెక్కపెట్టాలి. సిస్టర్ గారు ఏదైనా రాయి ఎత్తి చూపితే, చూసిన తరువాత దానిని ఎలా ఉన్నదో అలాగే పెట్టాలి. ఈ చివరి మాటకు ఒక అమ్మాయి ప్రక్కన కారణం వ్రాసుకున్నది: "ఎందుకంటే అది వాళ్ల ఇంటి కప్పు."

పాఠశాలల్లో పర్యావరణాన్ని గురించి నేర్పించాలని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది, 2003లో మళ్లీ గట్టిగా చెప్పింది. 2001లో కేంద్ర ప్రభుత్వం జాతీయ హరిత దళం పేరుతో బడులలో సంఘాలు ఏర్పాటు చేయించడం మొదలుపెట్టింది. మంచి పనులే. కాని చాలాచోట్ల అది సంతలో పులి బొమ్మ ఉన్న చార్టు కొని, జిగురుతో అంటించి, మార్కులు వేయించుకోవడంగా మిగిలిపోయింది. మా బడిలోనూ నిన్నమొన్నటి వరకు అంతే. అందుకే తాడుతో కట్టిన ఆ గడులు నాకు మొదట ఆటలా కనిపించినవి.

నాలుగు శనివారాలు పిల్లలు చూసి వ్రాశారు. కొన్ని మీతో పంచుకుంటాను.

"3వ గడి. జిల్లేడు. నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళి పురుగులు 5. ఆకు తుంచితే పాలు వచ్చినవి. ఆ పాలు విషం, కంట్లో పడితే కళ్లు పోతాయి అని మా నాయనమ్మ చెప్పింది. పురుగులు తింటున్నాయి, చావడం లేదు." దాని క్రింద సిస్టర్ గారి వివరణ ఉన్నది. ఆ పురుగు జిల్లేడు విషాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది. రెక్కలు వచ్చి నారింజరంగు సీతాకోకచిలుక అయిన తరువాత కూడ ఆ విషం దానిలో ఉంటుంది గనుక పక్షులు దానిని ముట్టవు. మనం పిచ్చిమొక్క అని పీకే జిల్లేడు దానికి పొలమూ, కవచమూను.

"1వ గడి. కరివేపాకు చెట్టు. ఆకుమీద పిట్ట రెట్ట ఉన్నది. మేము వెళ్లబోతుంటే రెట్ట నడిచింది." ఇది చదివి నేను గట్టిగా నవ్వాను. అదీ సీతాకోకచిలుక పిల్లే. తిండిగా కనబడకుండా రెట్టలా కనబడి బ్రతుకుతుంది. మీ ఇంటి పెరటిలో కరివేపాకు ఉంటే వెళ్లి చూడండి. నాలుగు ఆకులు తింటే పోనివ్వండి.

"6వ గడి. వేప క్రింద ఎండుటాకులు. ఆకులు తీస్తే తడి. వానపాములు 9. జెర్రి 1. పేరు తెలియనివి చాలా." వెనుక వరుసలో ఒక చోట: "నలికండ్ల పాము. నాలుగు కాళ్లు ఉన్నవి. కాబట్టి పాము కాదు." ఎంత సూటిగా వ్రాశారో చూడండి. నలికిరి అని, నలికండ్ల పాము అని మనం కర్ర తీసుకొని వెంటపడి చంపే ఆ నున్నని జీవి బల్లి జాతిది. దానికి విషం లేదు. చీమలను, పురుగులను తిని బ్రతుకుతుంది. పాము అన్న పేరు పెట్టడం వల్లనే ఎన్ని చచ్చిపోయి ఉంటాయో! దేవుడు ఆదామునకు మొదట అప్పగించిన పనుల్లో ఒకటి ప్రతి జీవి దగ్గరకు వచ్చినప్పుడు దానికి పేరు పెట్టడం (ఆది 2:19-20). పేరు పెట్టాలంటే ముందు చూడాలి. చూడకుండా పెట్టిన పేరు ప్రాణం తీస్తుందని 12 ఏళ్ల పిల్లలు నాకు చెప్పారు.

చింతచెట్టు సగం ఎండినదని చెప్పాను గదా. నరికించవలసిన వాటిలో దానిది మొదటి పేరు. ఎండిన కొమ్మ తొర్రలో చిన్న గుడ్లగూబల జంట ఉన్నది. కొన్ని ఊళ్లలో పైడికంటి అంటారు. అది కూస్తే కీడు అని మనవాళ్లలో కూడ, మెడలో జపమాల వేసుకున్నవారు కూడ, రాళ్లు విసురుతారు. పిల్లలు చెట్టు క్రింద అది కక్కిన ఉండలను ఏరి, నీళ్లలో నానబెట్టి, విడదీసి చూశారు. పెంకు పురుగుల రెక్కలు, ఎలుక ఎముకలు బయటపడ్డవి. బడి బియ్యం గదికి కాపలా కాస్తున్నది ఎవరో అప్పుడు తెలిసింది. ఎండిపోయిన చెట్టు చచ్చిన చెట్టు కాదట. వడ్రంగి పిట్టకు, గోరింకకు, చిలుకకు, గుడ్లగూబకు తొర్ర కావాలి. పచ్చి కొమ్మలో తొర్ర అంత తేలికగా ఏర్పడదు.

ఇక బావిమీది తుమ్మచెట్టు. వానాకాలంలో అక్కడ గిజిగాళ్లు గూళ్లు కడతాయి. మగ పిట్ట గడ్డిపోచలను చీల్చి తెచ్చి అల్లుతుంది. సగం అల్లి, గూడు టోపీ ఆకారంలో ఉండగా ఆపి, రెక్కలు కొట్టి పిలుస్తుంది. ఆడ పిట్ట వచ్చి చూస్తుంది. నచ్చితే మిగతా సగం పూర్తవుతుంది. నచ్చకపోతే ఆ గూడు అలాగే ఎండిపోతుంది. బావి మీద ఎందుకంటే పిల్లి గాని పాము గాని అంత సులువుగా చేరలేదు. పోచలు ఎక్కడివి? ఆ మోకాలెత్తు గడ్డిలోవే. ఒకదానికి ఒకటి ఎలా ముడిపడి ఉన్నదో మీరే చూడండి. గడ్డి కొట్టి, చెట్టును మాత్రం ఉంచితే గిజిగాడు ఉండదు.

ఈ చెట్టు విషయం కనిపెట్టినది ఒక కుర్రవాడు. గొర్రెల కాపరుల ఇంటి బిడ్డ. చదువులో చివరి బల్ల. ఇంగ్లీషు పాఠం అప్పజెప్పలేక నిలబడి ఉండే రోజులే ఎక్కువ. జేబులో పంగలకర్ర ఎప్పుడూ ఉండేది. మొదటి శనివారం సిస్టర్ గారు పక్షుల పేర్లు అడిగితే తక్కిన పిల్లలు కాకి, పిచ్చుక, చిలుక అని ఆగిపోయారు. ఇతడు జెముడుకాకి, లకుముకి, పాలపిట్ట, వంగపండు, తేనెపిట్ట అంటూ ఏది ఏ వేళకు ఏ కొమ్మకు వస్తుందో చెప్పుకుపోయాడు. కొట్టడానికి నేర్చుకున్న విద్యే అది. కాని విద్య విద్యే. సిస్టర్ గారు అతని పంగలకర్రను లాక్కోలేదు. అతనికి తన పాత దుర్భిణి ఇచ్చింది. మూడవ వారానికి పంగలకర్ర తానే తెచ్చి ఆఫీసు గదిలో పెట్టాడు. తల్లిదండ్రులారా, ఈ పిల్లవాడు ఇన్నాళ్లు మా బడిలో మొద్దు అనిపించుకున్నాడు. అనినవారిలో నేనూ ఒకడిని. మన మార్కుల కాగితంలో అతని తెలివికి గడి లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒక ఆదివారం సత్యోపదేశం తరగతిలో నేను మత్తయి 6:26 చెబుతున్నాను. ఆకాశపక్షులు విత్తవు, కోయవు, గాదెలలో కూర్చుకొనవు, అయినను పరలోకమందలి తండ్రి వాటిని పోషిస్తున్నాడని ప్రభువు చెప్పిన మాటను వివరిస్తున్నాను. ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "ఫాదర్ గారూ, తండ్రి వాటికి ఏమి పెడతాడు?" అని అడిగింది.

"గింజలు పెడతాడమ్మా" అన్నాను.

"పిల్లలకు?"

"వాటికీ గింజలే."

ఆ అమ్మాయి లేచి నిలబడి, కొంచెం భయపడుతూనే, "కాదండీ, పురుగులు పెడతాడు. మేము చూశాము, వ్రాసుకున్నాము" అన్నది.

తరగతి అయిన తరువాత నోటుపుస్తకం తెప్పించుకొని చూశాను. నిజమే. పిచ్చుక గింజలు తినే పిట్టే. కాని గూటిలో కళ్లు తెరవని పిల్లలకు తల్లి తెచ్చిపెట్టేది మెత్తని పురుగులు. గిజిగాడు అంతే. పూలలో తేనె త్రాగే తేనెపిట్ట కూడ పిల్లలకు సాలీళ్లను, చిన్న పురుగులను తెస్తుంది. పిల్లలు ఒక గూటిని గట్టుమీద కూర్చుని చూశారు. ఒక గంటలో తల్లి, తండ్రి కలిసి 14 సార్లు మేత తెచ్చినవని గీతలు గీసి లెక్క వేశారు. ఆ మేత వచ్చినది బడి ముందున్న పూలకుండీల నుండి కాదు, సిమెంటు ముంగిలి నుండి కాదు. ప్రతిసారీ వెనుక గడ్డిలోనుండే.

సహోదరులారా, ఇన్నేళ్ల నా గురుజీవితంలో ఆ సువిశేష వాక్యం మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్క లేదు. చింతించవద్దు, దేవుడు చూసుకుంటాడు అని చెబుతూనే ఉన్నాను. ఆ పోషణ ఏ చోట జరుగుతుందో, ఏ ఆకు మీద, ఏ రాయి క్రింద జరుగుతుందో నేను ఒక్కసారి ఆలోచించలేదు. తండ్రి పక్షులకు ఆకాశం నుండి మన్నా కురిపించడం లేదు. ఆయనకు ఒక వంటిల్లు ఉన్నది. అది మా బడి వెనుక ఉన్నది. మేము మురికి అని పిలిచిన ఆ గడ్డి, ఆ జిల్లేడు, ఆ కుళ్లిన ఆకులు, ఆ ఎండిన చింత, అవే ఆ వంటింటి పొయ్యి, గిన్నెలు. నేను ఆ వంటింటిని సిమెంటుతో పూడ్పించి, దానిమీద పందిరి వేయించి, ఆ పందిరి క్రింద స్వర్ణోత్సవ పూజలో కృతజ్ఞతలు చెల్లించబోయాను.

పిచ్చుకల కోసం చెక్క గూళ్లు కొని తగిలించేవారు, ఎండాకాలం మిద్దెమీద నీళ్ల మూకుడు పెట్టేవారు మనలో చాలామంది ఉన్నారు. అది మంచి మనసు. కాని ఇల్లు ఇచ్చి, పసిపిల్లలకు అన్నం దొరకకుండా చేస్తే ఆ ఇల్లు ఎవరికి?

వాక్యాన్ని మళ్లీ చదువుకున్నాను. 104వ కీర్తన ఒక చిరునామాల పుస్తకం లాంటిది. సెలయేళ్ల దగ్గర అడవి గాడిదలు, చెట్లలో పక్షులు, పొడవైన చెట్లమీద కొంగలు, ఎత్తైన కొండలలో మేకలు, బండలలో కుందేళ్లను పోలిన చిన్న జంతువులు. ఎవరి చోటు వారికి ఉన్నది. చోటే కాదు, వేళ కూడ పంచి ఉన్నది. రాత్రి సింహాలది. ఉదయం నుండి సాయంత్రం వరకు మనిషిది. మనిషికి దక్కినది ఒక వాటా మాత్రమే, అదీ పని చేసుకోవడానికి. ద్వితీయోపదేశ కాండము 22వ అధ్యాయంలో గూటిని గురించి ఒక చట్టమే ఉన్నది. దారిలో గూడు కనబడితే పిల్లలతో పాటు తల్లిని పట్టుకోరాదు, తల్లిని వదిలిపెట్టాలి. నిర్గమకాండము 23:10-11లో ఏడవ యేట భూమిని దున్నకుండా వదలమని ఆజ్ఞ. అందులో పండినది పేదలు తినాలి, పేదలు వదిలినది అడవి జంతువులు తినాలి. చూశారా, పేదలు, అడవి జంతువులు ఒకే వాక్యంలో ఒకే పంక్తిలో కూర్చున్నారు. పొలం అంచుల వరకు కోయవద్దని లేవీయ కాండము (19:9) చెప్పినదీ ఆ మనసుతోనే. ఒక మూల వదలడం దేవుని ప్రజలకు కొత్త కాదు.

మన ప్రభువు కూడ నక్కలకు బొరియలు, పక్షులకు గూళ్లు ఉన్నవని చెప్పి, తనకు తలవాల్చుటకు చోటు లేదన్నాడు (మత్తయి 8:20). తన పేదరికాన్ని గురించి చెప్పిన మాట అది, నిజమే. కాని బొరియ ఎక్కడ ఉన్నదో చూడనివాడు ఆ మాట అనలేడు. గలిలయ దారుల్లో ఆయన అవి చూస్తూ నడిచాడు. ఇల్లు లేకపోవడం ఏమిటో తెలిసినవాడు గనుకనే ఇల్లు ఉన్నవాటిని గమనించాడని నాకు అనిపిస్తుంది.

అస్సీసీపుర పునీత ఫ్రాన్సిస్ వారిని మనం పక్షులతో మాట్లాడే పటంలో చూస్తాము. ఆయన చరిత్రలో అంతకంటె చిన్న సంగతి ఒకటి ఉన్నది. మఠంలో తోటపని చూసే సహోదరునితో ఆయన, నేలనంతా కూరగాయలకు దున్నవద్దు, కొంత భాగం వదిలిపెట్టు, అక్కడ అడవి గడ్డి, అడవి పూలు వాటంతట అవి పెరగాలి అని చెప్పారట. 13వ శతాబ్దంలో చెలానో తోమాసు అనే సహోదరుడు దీనిని వ్రాసిపెట్టాడు. మఠంలో ఆకలి ఎరిగినవారు, భిక్షమెత్తి తినేవారు ఆ మూలను వదిలారు. ఫ్రాన్సిస్ వారు 1226లో మరణించారు. 2026తో 800 ఏళ్లు. 1979లో రెండవ జాన్ పాల్ జగద్గురువులు ఆయనను పర్యావరణ శాస్త్రానికి పాలక పునీతునిగా ప్రకటించారు. ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015లో వెలువరించిన "లౌదాతో సీ" విశ్వలేఖలో మఠం తోటలోని ఆ మూలను ప్రత్యేకంగా గుర్తుచేశారు. అదే సంవత్సరం సెప్టెంబరు 1వ తేదీని సృష్టి సంరక్షణ ప్రార్థనా దినంగా నియమించారు. ఆ రోజు మనం చేసేది ఏమిటి? ఒక మొక్క నాటి, ఫోటో దిగి, మరుసటి రోజు నీళ్లు పోయడం మరచిపోతాము. మొక్క నాటడం సులభం. ఉన్నదానిని ఉండనివ్వడం కష్టం. దానికి ఫోటో రాదు.

ఈ విషయంలో మన రాష్ట్రంలోనే మనకంటె ముందున్నవారు ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోను, ఒకప్పటి అనంతపురం జిల్లాలోని వీరాపురంలోను పెద్ద కొంగలు ఊరి చెట్లమీదనే గూళ్లు కడతాయి. తేలినీలాపురానికి గూడబాతులు కూడ వస్తాయి. రెట్టలు పడతాయి, చేపల వాసన వేస్తుంది, రాత్రి పగలు అరుపులు. ఊరివారు భరిస్తారు. పురుటికి వచ్చిన ఆడపడుచులను చూసుకున్నట్లు చూసుకుంటారు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు అటువంటిదే. అక్కడివారిలో చాలామంది మన గుడికి వచ్చేవారు కారు. ఫ్రాన్సిస్ వారి పేరు వినకపోయినా ఆయన పని చేస్తున్నారు. మీ విచారణ నుండి యాత్రకు బస్సు కట్టినప్పుడు దారిలో వీటిలో ఒకచోట ఆపి పిల్లలకు చూపించండి.

మీ మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. సంఘంలో ఒక పెద్దాయన లేచి అడిగారు: "ఫాదర్ గారూ, సిస్టరమ్మ మాట విని పొదలు ఉంచితే, రేపు పిల్లకు పాము కరిస్తే ఎవరు సమాధానం చెబుతారు?" ఆ ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. 2019 నవంబరులో కేరళలో ఒక బాలిక తరగతి గదిలోనే పాము కాటుకు గురై చనిపోయింది. చదువుకోవడానికి వచ్చిన బిడ్డ. కాబట్టి సూటిగా మాట్లాడుకుందాము. పాము తరగతి గది గోడ ప్రక్క ఇటుకల కుప్పలోను, పగిలిన గచ్చు కన్నంలోను, విరిగిన బల్లల క్రింద ఎలుకలు ఉన్నచోటను చేరుతుంది. మా బడిలో ఈ మూడూ ఉన్నవి, మూడూ మనం చేసినవే. వాటిని తీసివేయాలి. గదులకు, ఆ మూలకు నడుమ వెడల్పుగా గడ్డి లేని బాట ఉండాలి. కంచె, తలుపు, తాళం ఉండాలి. పెద్దవారు లేకుండా పిల్లలు పోరాదు. పొరపాటున కాటు పడితే కోయడం, పీల్చడం, మంత్రం, నాటుమందు ఏదీ వద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి నేరుగా ప్రభుత్వాసుపత్రికి పోవాలి, విరుగుడు మందు అక్కడ ఉంటుంది. ఇవన్నీ పొదలు లేని బడిలో కూడ చేయవలసినవే. సిమెంటు పోసినంత మాత్రాన కట్లపాము రాకుండా ఆగదు.

దోమల మాట కూడ వచ్చింది. డెంగీ దోమ గుడ్లు పెట్టేది గడ్డిలో కాదు, పాత టైరులో, కొబ్బరి చిప్పలో, మూత లేని తొట్టిలో నిలిచిన నీటిలో. పిల్లలు ఆవరణంతా తిరిగి అటువంటివి 11 లెక్క వేశారు. పదకొండవది మా గురుగృహం వెనుక ఉన్నది.

పెరిగినదంతా మంచిదని కూడ నేను అనడం లేదు. వయ్యారిభామ అని పిలిచే తెల్లపూల మొక్క బయటి ఖండం నుండి వచ్చి 1950ల తరువాత దేశమంతా ప్రాకినది. ఒళ్లు దద్దుర్లు తెస్తుంది, ఆయాసం తెస్తుంది, ప్రక్కన ఇంకొక మొక్కను పెరగనివ్వదు. చేతులకు తొడుగులు వేసుకొని పెద్దవారే దానిని పూత రాకముందే పీకివేశారు. ఏది ఉంచాలి, ఏది తీయాలి అనేది చూసి తెలుసుకోవలసిన సంగతి. చూడకుండా అన్నీ ఉంచడమూ, చూడకుండా అన్నీ కొట్టివేయడమూ రెండూ ఒకటే సోమరితనం.

సంఘంలో రెండవసారి మాట్లాడాము. వాదన బాగానే జరిగింది. బండ్లకు చోటు కావాలన్నమాట నిజం. ఉత్సవానికి దూరపు ఊళ్ల నుండి పూర్వ విద్యార్థులు వస్తారు, ఎండలో ఎక్కడ నిలబెడతాము? బడి ముందు స్థలంలో పందిరి సరిపోదని కొందరు, సరిపోతుందని కొందరు. మొత్తం స్థలం ఉంచాలని సిస్టర్ గారు. బావి నుండి సమాధుల గోడ వరకు మూడవ వంతు ఉంచి మిగతాది చదును చేద్దామని ఇంకొకరు. ఆ మూడవ వంతులో తుమ్మ, చింత వస్తాయి గాని 3వ గడి జిల్లేడు రాదు. సమాధుల తోటలో గడ్డిని ఈసారి తగులబెట్టకుండా చేతితో కోయించి, సమాధుల వరకు శుభ్రం చేసి, గోడ వారగా ఒక బారెడు వదులుదామన్న మాటకు మాత్రం అందరూ ఒప్పుకున్నారు. చనిపోయిన మనవారి ప్రక్కన నాలుగు సీతాకోకచిలుకలు ఎగిరితే వారికేమీ అభ్యంతరం ఉండదని ఒక ముసలమ్మగారు అన్నారు. ఆమె భర్త సమాధి ఆ గోడ ప్రక్కనే ఉన్నది.

మిగిలిన నిర్ణయం వచ్చే ఆదివారం రెండవ పూజ తరువాత. మా విచారణవారు ఇది చదువుతూ ఉంటే, దయచేసి ఇంటికి తొందరపడకుండా ఉండండి. అంతకంటె ముందు ఒక్క పని చేయండి. శనివారం ఉదయం 7 గంటలకు మీ పిల్లలతో కలిసి గట్టుమీదికి రండి. చెప్పులు వేసుకొని రండి. వేరే విచారణలలో ఉన్న మీరు మీ బడి వెనుకకు, మీ గుడి వెనుకకు వెళ్లి చూడండి. మీ పిల్లలను తీసుకుపొండి. మోకాళ్లకు మట్టి అంటుకొని వస్తే ఆ ఒక్క రోజు కొట్టవద్దు.

మొన్న శనివారం నేను వెళ్లాను. నాకు చోటు చూపించినది ఆ గొర్రెల కాపరుల బిడ్డే. మాట్లాడవద్దని వేలు పెదవులమీద పెట్టి నన్ను కూర్చోబెట్టాడు. తుమ్మకొమ్మకు ఏడు గూళ్లు వేలాడుతున్నవి. నాలుగు పూర్తయినవి, మూడు టోపీలు. ఒక ఆడ పిట్ట వచ్చి, మూడవ టోపీలోకి దూరి, కాసేపు ఉండి, ఎగిరిపోయింది. మగ పిట్ట మళ్లీ గడ్డిలోకి దిగింది. అప్పుడే నా జేబులో ఫోను మ్రోగింది. జేసీబీ అతను. సోమవారం రమ్మంటారా అని అడిగాడు. ఆదివారం పూజ అయిన తరువాత చెబుతానన్నాను. బయానా సంగతి ఏమిటన్నాడు. అది కూడ అప్పుడే అన్నాను. ఆ అబ్బాయి నా వైపు చూడలేదు. దుర్భిణి కళ్లకు పెట్టుకునే ఉన్నాడు, కాని అది గూళ్ల వైపు లేదు.

నోటుపుస్తకం చివరి పేజీలో పిల్లలు తరువాతి పాఠానికి గడులు గీసిపెట్టుకున్నారు. పైన "నవంబరు" అని వ్రాసి ఉన్నది. క్రింద 1 నుండి 8 వరకు అంకెలు ఉన్నవి. గడులు ఇంకా ఖాళీగా ఉన్నవి.